మట్టినేలలో దిగిన వాసన

మా నాన్నకు ముక్కు తప్ప మిగతావేవీ సరిగ్గా పనిచేసేవి కావని నా అభిప్రాయం. డుంబ్రిగుడలో మాది చిన్న కిరాణా కొట్టు. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు, రెండింటికీ మట్టినేలే. వాన పట్టుకుందంటే దసరా దాకా వదిలేది కాదు. గోడలు చెమర్చేవి, అగ్గిపుల్ల వెలిగేది కాదు, దండెం మీది బట్టలు ఆరకుండానే ముక్కిపోయేవి. ఒక ఏడాది ఆ వానల్లోనే మా కుక్క ముసలిదై, పడుకున్నచోటే తడిపేయడం మొదలుపెట్టింది.

అది అమ్మ కుక్క. నాన్న సరుకు మూటలు కట్టుకుని పెదబయలు సంతకనీ మరో సంతకనీ వెళ్లి రోజుల తరబడి రాకపోతే, నన్ను పక్కలో వేసుకుని అమ్మ నిశ్చింతగా నిద్రపోయేదంటే అది గడపకు అడ్డంగా పడుకోబట్టే. సాలూరు వైపు నుంచి కాపురానికొచ్చిన అమ్మకి ఈ కొండల్లో చుట్టమూ పక్కమూ ఎవరూ లేరు. రోజంతా దానితోనే మాట్లాడేది. నాతోకంటే ఎక్కువ మాట్లాడుతుందని నాకు కుళ్లుగా ఉండేది.

కుక్క పడుకునే మూలకు దగ్గర్లోనే టీపొడి, మైదా, బీడీకట్టలు ఉండేవి. తేమకి అవన్నీ ఆ కంపు పట్టేశాయి. ఒక సంతరోజు ఎవరో ఆడమనిషి టీపొడి పొట్లం వెనక్కి తెచ్చి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నాన్న దాన్ని విప్పి వాసన చూసి అమ్మ ముందుకు తోశాడు.

"ఏటే ఇది? టీపొడా, కుక్కుచ్చా? వానలెల్లిపోయేలోగా ఈ కంపు పోవాల. పోకపోతే కుక్కే పోతాది."

అమ్మ ఏడవలేదు, కొంగు బిగించింది. తడి కనిపించినచోటల్లా పొయ్యిలోని బూడిద పోసి, అది పీల్చుకున్నాక ఎత్తి పెరట్లో పారబోసేది. గోనెపట్టాలు కుంకుడు నీళ్లలో ఉడకబెట్టింది. బల్ల కాళ్లు నిమ్మచెక్కతో తోమింది. నిప్పుల మీద వేపాకు వేసి పొగబెట్టేది, కళ్లు మండి మేమిద్దరం వానలోకి పరుగెత్తేవాళ్లం. పొగ పోయాక వాసన మళ్లీ హాజరు. చివరికి కుక్కని వెనక చూరు కింద కట్టేసి, గునపం తీసుకుని ఆ మూలంతా తవ్వేసింది.

మా వైపు ఇల్లు కట్టేటప్పుడు చెద పట్టకుండా నేలలో ఉప్పు వేసి కొడతారు. ఉప్పు పడ్డచోట ఏ కుళ్లూ బతకదని అమ్మ నమ్మకం. పైగా ఉప్పమ్ముకునే ఇల్లు, కొదవేముంది? బస్తాలోంచి చేటలతో కల్లుప్పు తెచ్చి గోతిలో పోసి, పైన కొత్త ఎర్రమట్టి కప్పి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికింది.

ఆ నేల ఆరలేదు. ఎప్పుడు చెయ్యి పెట్టినా పేడ అరచేతికి అంటుకునేది. చుట్టుపక్కల మట్టిలో మిగిలిన కంపు ఆ చెమ్మకి మళ్లీ పైకి లేచింది. ఉప్పు చాలలేదనుకుంది అమ్మ. మళ్లీ తవ్వింది, మళ్లీ పోసింది.

"అది లోనికే రానేదండీ, నా మీదొట్టు," అంది నాన్నతో.

"మరి ఈ తడెక్కడిది? నాను ఉచ్చ పోసినానేటి?"

పాచిపెంటలో తెలిసిన రైతున్నాడనీ, చేనికి కాపలా కావాలన్నాడనీ చెప్పి, సాలూరు వెళ్లే లారీలోకి కుక్కని ఎత్తించి, తనూ ఎక్కాడు నాన్న. అమ్మ పెట్టిన పెరుగన్నం సగం గిన్నెలోనే ఉండిపోయింది.

చలికాలం వచ్చి నేల ఆరింది, వాసన పోయింది. "సూసినావా?" అని నాన్న వచ్చినవాళ్లందరి ముందూ గొప్పలు పోయాడు. అమ్మ కూడా నిజమే కాబోలని తల వంచుకుంది.

మరుసటి ఏడు తొలివానలకే ఆ మూల నేల చెమర్చింది. అదే కంపు. అమ్మ గొంతుక్కూర్చుని, తడి మీద వేలు రాసి నాలుకకి తగిలించుకుంది.

"ఓలె గుంటా, ఉప్పే! నానేసిన ఉప్పే నీరు లాగుతన్నాది!" అంది నాతో.

ప్రతి వానాకాలమూ ఉప్పుబస్తా కింద కారిన నీళ్లు తుడిచింది మేమే. ఆ ఉప్పే నేలలో ఉన్నా ఊరుకోదని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అమ్మ మొహం మాత్రం ఆ రోజు వెలిగిపోయింది. కుక్క తప్పు లేదని తేలింది కదా, ఇక తిరిగొచ్చేస్తుందనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. నాన్న సంత నుంచి వచ్చి గొడుగు మూస్తుండగానే ఎదురెళ్లింది.

"బేగెల్లి దాన్ని తెచ్చేయండి. తడి దానిది కాదు, నా ఉప్పుది. ఆ రైతుకి నాను సెప్పుకుంటాను."

నాన్న చాలాసేపు తల తుడుచుకున్నాడు.

"రైతేటి, ఎవులూ నేరు. లారీవోడు కంపన్నాడు. ఘాట్లో దింపేసినాను."

"ఎవులింటి కాడ?"

"ఇల్లెక్కడుంటాదే అక్కడ? అడివి."

నాన్న మీద అంత అసహ్యం నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు. తిడుతుందేమో, మీద పడి కొడుతుందేమో అని అమ్మ వైపు చూశాను. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అప్పుడు వాన పడతన్నాదా?" అని అడిగింది.

"పడతన్నాది," అన్నాడు నాన్న.