శోకాల ఫోల్డరు

తెలంగాణ వచ్చిన ఏడాది నేను మొదటిసారి పెద్ద ఫోను కొన్నాను. అప్పటికి నల్గొండ నుంచి హుజూర్‌నగర్ పోయే బస్సులో కండక్టర్‌ని. నాట్లకు పోయే ఆడవాళ్లు గుంపుగా ఎక్కి, వెనక సీట్లలో పాడుకుంటూ పోయేవాళ్లు. టికెట్లు కొట్టడం అయిపోగానే నేనూ వాళ్ల పక్కన చేరి ఫోను ముందు పెట్టేదాన్ని. అట్లా పట్టుకుంది పిచ్చి. సెలవు దొరికితే చాలు, ఊళ్లు పట్టుకు తిరిగాను. నాట్ల పాటలకొక ఫోల్డరు, కలుపు పాటలకొకటి, పెండ్లి పాటలకొకటి. ఒకే పాటను కేతేపల్లిలో ఒక తీరుగా, భువనగిరి దిక్కు ఇంకో తీరుగా పాడితే రెండూ దాచేదాన్ని. ఎవరైనా కాపీ అడిగితే ప్రాణం పోయినట్టుండేది. పిసినారితనమే, ఒప్పుకుంటాను.

ఒక్క ఫోల్డరు మాత్రం చాలా కాలం ఖాళీగా ఉండిపోయింది. దానికి 'శోకాలు' అని పేరు పెట్టాను. మా దిక్కు మనిషి పోతే ఆడవాళ్లు శవం పక్కన కూర్చుని, ఆ మనిషి బతుకంతా రాగం తీసి చెబుతూ ఏడుస్తారు. ఏం ఇష్టంగా తినేవాడు, ఎవరిని ఎత్తుకు తిరిగాడు, ఎవరి చేతిలో మోసపోయాడు, అన్నీ వస్తాయి. అడిగిన పాటలన్నీ పాడిపెట్టిన ఆడవాళ్లు అది మాత్రం పాడలేదు. "సావు లేని ఇంట్ల ఏడుస్తరా బిడ్డా? ఉట్టిగ ఏడిస్తె ఇంటికి కీడు" అని ఒకామె నా నోటి మీద చెయ్యి పెట్టింది.

మా పెదనాయిన పోయినప్పుడు ఆ ఫోల్డరు నిండింది. పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, ఊళ్లో ఎవరు పోయినా శోకానికి ముందు కూర్చునే మనిషి. ఆ రోజు ఆమె తన మొగుడి మీద ఏడుస్తుంటే నేను కొంగు కింద ఫోను పెట్టి రికార్డు చేశాను. ఏడుస్తూనే చేశాను. సిగ్గులేని పని. ఆమెకు చెప్పలేదు. ఏడాది తిరగకముందే పెద్దమ్మ కూడా పోయింది.

ఆ తర్వాత అమ్మ తుంటి విరిగి నల్గొండలో నా దగ్గరికి వచ్చింది. దవాఖానలో ఆపరేషన్ చేసినా మంచం దిగలేదు. ఒక ఆదివారం పొద్దున నేను ఫైళ్లు సర్దుతూ, ఇయర్‌ఫోన్లలోనే వినబడుతుందనుకుని ఆ శోకం నొక్కాను. ఫోనేమో ముందుగదిలోని బ్లూటూత్ స్పీకరుకు కలిసి ఉంది. ఇల్లంతా పెద్దమ్మ గొంతు. నేను తడబడి ఆపేలోపే పక్కింటి ముస్లిమామె పిండి చేతులతో ఉరికొచ్చింది. ఎదురింటి ముసలాయన గడప అవతల చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూనే వచ్చారు. అందరూ నేరుగా అమ్మ మంచం దగ్గరికే.

అమ్మ వాళ్లను ఒక్కొక్కరినీ చూసింది.

"నేనింకా పోలె. పోయిననాడు రాండ్రి" అంది.

పక్కింటామె నవ్వలేక, ఏడవలేక అమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది.

వాళ్లు పోయాక అమ్మ నన్ను తిట్టలేదు. అందుకే భయం వేసింది.

"మా అక్కదే గదా? మల్ల పెట్టు" అంది.

చివరిదాకా వింది. మధ్యమధ్య పెదవులు కదిపింది. అయిపోయాక అంది: "అక్క ఉన్నన్ని దినాలు నాకు ఫికర్ లేకుండె. ఇగ నా మీద ఎవలేడుస్తరే?"

"నేను లేనా అమ్మా?"

"నువ్వా? ఊరోళ్ల పాటలన్ని డబ్బల ఏసి దాస్తవు గని, ఎన్నడన్న నోరు తెరిసినవా?"

గుచ్చుకుంది. వందల పాటలు దాచిన నాకు ఒక్కటీ గొంతులోంచి రాదు. నేర్పమంటే అమ్మ విసుక్కుంది. "నేర్సుడేంది? నా బతుకు నీకెరికైతే రాగం అదే వస్తది." చిక్కంతా అక్కడే ఉంది. అమ్మ బతుకు నాకేం తెలుసు? పగలు డ్యూటీ, సెలవు రోజుల్లో పరాయి ఊళ్ల పాటలు.

అప్పటినుంచి డ్యూటీ దిగగానే మంచం పక్కన కూర్చునేదాన్ని. ఫోను తీస్తే నోరు మూసేసేది కాబట్టి ఊరికే విన్నాను. పెండ్లికి ఎవరెవరిని పిలవాలో చెప్పినంత జాగ్రత్తగా చెప్పింది. "పత్తి ఏరి నిన్ను సదివించిన, గది చెప్పు. మీ నాయిన తాగి కొట్టిన ముచ్చట తియ్యకు, సచ్చినోని ఇజ్జత్ తియ్యొద్దు. నా బంగారు గుండ్ల దండ నీకియ్యక మీ వదినెకిచ్చిన సంగతి అసలే ఎత్తకు, నల్గురిల ఆమె చిన్నబోతది." అన్నింటికీ తల ఊపాను. ఆమె చెప్పేదాంట్లో చెప్పొద్దనేదే ఎక్కువ.

వానలు మొదలైనప్పుడు అమ్మ పోయింది. కిరాయి ఇంట్లో శవాన్ని ఉంచనివ్వరు కాబట్టి మా ఊరు కేతేపల్లికి తీసుకుపోయాం. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కాసేపు రాగం లేకుండా ఏడ్చారు. శోకం ఎత్తుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు. వదినె నా చెవిలో, "పెద్దమ్మది నీ ఫోన్ల ఉంది గదా, గదన్న పెట్టరాదూ?" అంది. మంచి మనసుతోనే అంది. కానీ అది పెదనాయినకు ఏడ్చిన ఏడుపు. అమ్మకు ఎట్లా పెట్టను?

అమ్మ తల దగ్గర కూర్చుని నోరు తెరిచాను. గొంతు కీచుమంది. పత్తి చేను సంగతి ఎత్తుకుందామనుకున్నాను, అది రాగంలోకి రాలేదు. అమ్మ చెప్పమన్న మిగతావేవీ గుర్తు రాలేదు.

"నా మీద ఎవలేడుస్తరని బుగులు పడితివి గదనే అమ్మా... నోరు లేని బిడ్డనని ఎక్కిరిస్తివి గదనే అమ్మా..."

రాగం వంకరటింకరగా పోయింది. వెనక వదినె ఏడుపు అందుకుంది. నేను వంగి అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, "నేనే ఏడుస్తున్ననే అమ్మా, ఇనవడుతాందా?" అని అడిగాను.