రొయ్యల రైతు పెంచిన పగడం

2003, ఇంకా ఎండలు ముదరని రోజులు. రాజమండ్రిలో మెయిన్ రోడ్డుకు ఆనుకున్న సందులో నాకొక ఆక్వేరియం షాపు ఉండేది. గోల్డ్ ఫిష్, ఏంజెల్, గప్పీలు, వాటి మేత, గాజు తొట్లు. ఇవే నాకు అన్నం పెట్టేవి. జువాలజీ చదివిన పాపానికి వెనక గదిలో ఒక ఉప్పునీటి ట్యాంకు కూడా పెట్టుకున్నాను. అందులో నాలుగైదు రకాల పగడాలు ఉండేవి. చూడడానికి ఊరంతా వచ్చేది, కొనేవాళ్లు మాత్రం అరుదు. ఆ అరుదైన వాళ్లను నేనే భయపెట్టి పంపేసేదాన్ని. మంచినీటి ట్యాంకు కాపురమైతే, ఉప్పునీటి ట్యాంకు చంటిపిల్ల ఉన్న కాపురమని చెప్పేదాన్ని.

వీర్రాజు గారు వచ్చింది అలాంటి ఒక మధ్యాహ్నం. కాట్రేనికోన అవతల సముద్రానికి దగ్గరగా ఉండే పల్లెలో రొయ్యల చెరువులు చేసిన రైతు. అరవై దాటి ఉంటాయి. వెనక గదిలో ట్యాంకు ముందు చాలాసేపు నిలబడి, ధర అడగకుండా ఒకే మాట అడిగారు.

"వీటిల్లో చావనిదేదమ్మా?"

"చావనిది గోడమీద ఆ పగడాల పోస్టరేనండీ," అన్నాను, నా అలవాటు కొద్దీ.

ఆయన నవ్వలేదు. స్టూలు వేసి కూర్చోమన్నాను. టీ తెప్పించాను. అప్పుడు చెప్పారు.

ఆ పల్లెల్లో రొయ్య పిల్లను చెరువులో వదలడానికి ఒక పద్ధతి ఉంది. గుడ్లు పొదిగించే హేచరీ నుంచి పిల్ల ఆక్సిజన్ కవర్లలో వస్తుంది. మొదటి కవరును మంచి చెయ్యి ఉన్న మనిషి చేత విప్పిస్తారు. డాక్టరు హస్తవాసి అంటామే, అలాంటిదే. ఆ చుట్టుపక్కల ఎవరు చెరువు వేసినా మొదటి పిల్లను వదిలే చెయ్యి వీర్రాజు గారిదే. కబురు పంపేవారు, స్కూటరు మీద ఎక్కించుకుపోయేవారు. తర్వాత తెల్లమచ్చ వచ్చింది. వైట్ స్పాట్ అంటారు. రొయ్య గుల్ల మీద తెల్ల చుక్కలు లేస్తాయి, చూస్తుండగానే చెరువు ఖాళీ అయిపోతుంది. కోస్తా అంతా పోయింది. ఆయన చెరువులూ పోయాయి, ఆయన చేత్తో వదిలిన చెరువులూ పోయాయి.

"ఎవరూ ఒక్క మాట అనలేదమ్మా. పిలవడం మానేశారంతే. మొన్న పెరట్లో కొబ్బరి మొక్క పెట్టించినప్పుడు నిద్రలో ఉన్న నన్ను మా ఆవిడ కూడా లేపలేదు. మర్చిపోయిందో, కావాలనే చేసిందో నేనడగలేదు."

"వైరస్‌కి మీ చేతులతో పనేంటి బాబాయ్ గారూ?"

"ఆ మాట ఆఫీసర్లూ చెప్పారమ్మా. నాకూ తెల్సు. అయినా ఉప్పునీళ్లలో నా చేత్తో ఒక్క జీవిని వదిలి, అది బతికితే చూడాలనుంది. రొయ్యలంటే మళ్లీ ధైర్యం లేదు."

ఇక నాకు వేళాకోళం నోట రాలేదు. ఈయనకు నేనిచ్చేది చచ్చిపోతే పోయేది ఒక్క పగడమే కాదని అర్థమైంది. బేరం వదులుకుని పంపేద్దామా అని కూడా అనిపించింది. కానీ అలా పంపేస్తే నేను కూడా ఆయన్ని పిలవడం మానేసిన వాళ్లలో ఒకదాన్ని అవుతానని, కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాను.

ఆయన కళ్లు పోస్టరులోని కొమ్మల పగడం మీదే ఉన్నాయి. అది హార్డ్ కోరల్, అంటే కింద రాయి కట్టే జాతి. దాన్ని అమ్మినా, కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా మన చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచినా, కొత్తవాళ్ల చేతికి ఇచ్చేది కాదు. దానికి కావలసిన వెలుతురు, సున్నం, నీటి కదలిక అన్నీ తూకం వేసినట్టు ఉండాలి. తర్వాత జోయాంథిడ్. చొక్కా బొత్తాల్లాగా రంగురంగుల గుత్తులు, మొండి ఘటం. మామూలుగా కొత్తవాళ్లకు నేనిచ్చేది అదే. అయితే కొన్ని రకాల్లో విషం ఉంటుంది, చేతికి గాయముంటే ముట్టుకోకూడదు. వీర్రాజు గారి చేతులు చూశాను. వలతాళ్లు కోసినవీ, రొయ్య ముల్లు గుచ్చుకున్నవీ మచ్చలు, వాటి మీద కొత్తగా తెగిన గీతలు. అది వద్దనుకున్నాను.

చివరికి రెండు తేల్చాను. ఒకటి మష్రూమ్ కోరల్. రాయికి అంటుకున్న చిన్న అప్పడంలా ఉంటుంది. వెలుతురు తక్కువైనా, నీళ్లలో కాస్త మురికి ఉన్నా సర్దుకుపోతుంది. రెండోది లెదర్ కోరల్. కుక్కగొడుగు ఆకారం, తలమీద సన్నని వేళ్లు ఊగుతూ ఉంటాయి. అది ఊగుతుంటే మనిషికి కాలక్షేపం, అందుకని ఎంచాను. నేను చూపించిన ట్యాంకు కంటే చిన్నది చాలన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. చిన్నదైతే తేలికని అందరూ అనుకుంటారు. నీళ్లు తక్కువైన కొద్దీ మన పొరపాట్లకు చోటు తక్కువ.

ముందు ఉత్త నీళ్లు, రాళ్లు పెట్టి కొన్ని వారాలు నడపమన్నాను. మురికిని తినే బ్యాక్టీరియా పెరగడానికి ఆ వ్యవధి కావాలి. చెరువును తయారు చేయడం తెలిసిన మనిషి కనుక మారు మాట్లాడలేదు. పగడాలు తీసుకెళ్లడానికి వచ్చిన రోజున, కవరు నీటిని ట్యాంకు నీటితో మెల్లగా ఎలా కలపాలో చెప్పబోయాను. "చేపపిల్లకి ఈత నేర్పుతావా అమ్మా," అని మొదటిసారి నవ్వారు. ఇంకో సంగతి కూడా చెప్పాను. లెదర్ కోరల్ ఉండుండి ముడుచుకుంటుంది, ఒంటి మీద మైనం లాంటి పొర కడుతుంది, కొన్నాళ్లకు ఆ పొర వదిలేసి మళ్లీ విచ్చుకుంటుంది, కంగారు పడొద్దని. ఆయన తలూపారు. తలూపినంత మాత్రాన తలకెక్కినట్టు కాదని షాపు నడిపేవాళ్లందరికీ తెలుసు.

ఎండలు బాగా ముదిరాక ఫోను వచ్చింది.

"పోయిందమ్మా. గొడుగు ముడుచుకుపోయింది. ఆ అప్పడాలు కూడా పోతున్నాయి. రేపు ట్యాంకు ఎత్తేస్తున్నాను. నీకు చెప్పకుండా తీస్తే బాగోదని చేశాను."

"నేనొచ్చేదాకా తీయకండి బాబాయ్ గారూ," అని ఫోను పెట్టేసి, మర్నాడు షాపు మూసి బస్సెక్కాను. రావులపాలెంలో అరటి లారీలు దారికి అడ్డం పడి బస్సు కదలదు. నాలో నేను తిట్టుకుంటూ కూర్చున్నాను. లారీలను కాదు, ఆ లెదర్ కోరల్‌ను. ముడుచుకోవడానికి దానికి ఈ ఇల్లే దొరికిందా అని.

వాళ్లింట్లోకి అడుగు పెట్టగానే సంగతి తెలిసిపోయింది. ట్యాంకులో నీళ్లు పచ్చగా ఉన్నాయి. పాచి పచ్చదనం కాదు, చక్కగా కాపు మీదున్న రొయ్యల చెరువు రంగు.

"బాబాయ్ గారూ, ఇందులో ఏం వేశారు?"

"ఏముందమ్మా, చిటికెడు సూపరు ఫాస్ఫేటు, చిటికెడు యూరియా. నీళ్లు మరీ పల్చగా, రంగు లేకుండా ఉన్నాయి. అందుకే దానికి బలం చాలట్లేదేమోనని."

రొయ్యల రైతుకు తేట నీరంటే భయం. నీటికి రంగు వస్తేనే మేత ఉన్నట్టు, చెరువు ఆరోగ్యంగా ఉన్నట్టు. పగడం సంగతి సరిగ్గా దానికి తలకిందులు. దానికి తేట నీరే బలం. లోకంలో ఏ పుస్తకమూ, ట్యాంకులో యూరియా వేయకండి అని రాయదు, ఎందుకంటే ఆ ఆలోచన గోదావరి జిల్లాల వాళ్లకు తప్ప మరొకరికి రాదు. నవ్వొచ్చింది కూడా. కానీ ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

మంచినీళ్లు తెచ్చిన వాళ్లావిడ సత్యవతి గారు గుమ్మం దగ్గరే ఆగి, గొంతు తగ్గించి అన్నారు. "అది ముడుచుకున్న కాణ్నుంచి అన్నం దగ్గర సరిగా కూర్చోట్లేదమ్మా. తెల్లమచ్చప్పుడు ఏమీ చెయ్యకుండా ఒక్కరోజు ఆలస్యం చేశానని, అంతా తన చేతగానితనమేనని ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటారు. అందుకే ఈసారి ముడుచుకోగానే ఏదో ఒకటి చేసేశారు."

నేను ట్యాంకులో నీటిని తిప్పే చిన్న మోటారు మూతిని లెదర్ కోరల్ వైపు తిప్పాను. కాసేపటికి దాని ఒంటి మీది పొర అంచు లేచింది. సన్నని మైనపు కాగితంలా ఊగి, చిరిగి, ఒక ముక్క నీళ్లలోకి జారింది. దాని కింద లేత గోధుమ రంగు కొత్త చర్మం.

వీర్రాజు గారు గాజుకు మొహం ఆనించారు. "ఇది మోల్టింగ్ కదమ్మా," అన్నారు మెల్లగా. "రొయ్య గుల్ల విడుస్తుందే, అలాగ."

"అలాంటిదేనండీ. దానికి జబ్బేమీ లేదు."

ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు కూడా.

ఇక మరమ్మతు. వేట బోటు వాళ్లను అడిగితే సముద్రం లోపలి నుంచి తేట నీళ్లు క్యాన్లలో తెచ్చిస్తామన్నారు. గుడ్డలో వడకట్టి, ఉప్పు శాతం కొలిచి, కొంచెం కొంచెంగా మార్చమన్నాను. ఒక్కసారే మార్చితే జబ్బు కంటే మందే చంపుతుంది. ఆవిరైన మేరకు మంచినీళ్లు పోయాలి. మేత వద్దు, ఎరువు వద్దు, పగడాన్ని తాకడం వద్దు.

"మరి నేనేం చెయ్యాలి?"

"చేతులు కట్టుకుని చూడాలండీ."

"ఊరికే చూడ్డం కంటే సేద్యమే తేలికమ్మా," అన్నారు.

చూశారు. వారానికోసారి ఫోను చేసేవారు. నీళ్ల పచ్చరంగు విరిగిందనీ, గొడుగు విచ్చుకుందనీ, అప్పడాల్లో ఒకటి పోయిందనీ, మిగతావి విచ్చుకుని చదునయ్యాయనీ. పోయినదాని గురించి చెప్పినప్పుడు నేను భయపడ్డాను. ఆయన గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

వానాకాలం దాటాక ఒక రోజు మూతపెట్టిన చిన్న ప్లాస్టిక్ బకెట్టుతో షాపుకు వచ్చారు. లోపల చిన్న రాయి, దానిమీద బొత్తమంత మష్రూమ్ కోరల్ పిల్లలు. ఇవి రాయి మీద పక్కకు జరిగేటప్పుడు పాదం ముక్క వెనక వదిలేస్తాయి, ఆ ముక్క కొత్త పగడమవుతుంది.

"ఎవరైనా కొత్తవాళ్లొస్తే ఇవ్వమ్మా. నా దగ్గర పెరిగిందని మాత్రం చెప్పకు."

"ఎందుకండీ?"

"తెలిస్తే తీసుకోరు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో కూడా తెలియదు. "చెప్పే ఇస్తానండీ," అన్నాను.

ఆయన టీ తాగుతుండగానే, కొత్తగా ఉప్పునీటి ట్యాంకు పెట్టిన బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ వచ్చారు. నెల రోజులుగా నన్ను పగడమిమ్మని వేధిస్తున్న మనిషి. బకెట్టు చూపించాను. వంగి చూసి, "ఇవి బతుకుతాయా అండీ?" అన్నారు.

"ఇదిగో, ఈయన పెంచారు. రొయ్యల రైతు. మన సముద్రపు నీళ్లకీ ఎండలకీ అలవాటు పడ్డవి. మద్రాసు నుంచి వచ్చేవాటి కంటే ఇవే నయం."

ఆవిడ ఆయన వైపు తిరిగారు. "అయితే కవర్లో మీరే వేసివ్వండి బాబాయ్ గారూ. నాకసలే భయం. మీ చెయ్యి అలవాటైన చెయ్యి కదా."

ఆవిడకు ఏమీ తెలియదు. వీర్రాజు గారు గ్లాసు కింద పెట్టి, చేతులు కడుక్కుని, తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకున్నారు. రాయిని తీసి నీళ్లు పట్టిన కవరులో మెల్లగా దించారు. రబ్బరు బ్యాండు వేసి అందిస్తూ ఆవిడకు చెప్పారు.

"ఒక్కోసారి ముడుచుకుంటుందమ్మా. ఏం చెయ్యకండి."

కొత్తవాళ్లకు ఏ పగడం మంచిదని ఇప్పటికీ అడుగుతారు. పేర్లు చెప్తాను, అవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఇచ్చే ముందు మాత్రం, అది ముడుచుకున్న రోజున ఈ మనిషి ఏం చేస్తాడా అని ఆలోచిస్తాను. తేలకపోతే ఇంకో టీ తెప్పించి కూర్చోబెడతాను.