బట్టీలో సాంబ్రాణి వాసన

మొన్న సాయంత్రం చింతామణిలో మా వీధి చివరి బెంచీ మీద మేము రిటైరైనవాళ్ళం కూర్చుని ఉండగా, పక్కింటి పెద్దాయన తన ఫోను నా ముఖం ముందు పెట్టి, "ఏం మేష్ట్రే, ఇది మీ బావ తోట కదప్పా? సారా కాసేది చూసేకి బెంగళూరు నుంచి జనాలు కార్లేసుకోని వస్తాండారంట, మాకు ఒక మాటైనా చెప్పలేదే!" అని అందరికీ వినపడేలా అడిగాడు. ఫోనులో మండికల్ దాటాక వచ్చే కొండవాలు, ద్రాక్ష పందిళ్ళు, పెంకుటింట్లో మెడ పొడవైన రాగి పాత్ర కనిపించాయి. సారా కాదు, ద్రాక్ష బ్రాందీ అని నేను సరిదిద్దబోతే, "యాదైతేనేమప్పా, ఎక్కేది తలకే గదా" అని ఇంకొకాయన అందుకున్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను గానీ, ఆ రాగి పాత్ర వెనక ఉన్న సంగతి వాళ్ళకు తెలియదు. ఆ బట్టీ ముందు నేను నిలబడ్డ ఒక శుక్రవారాన్ని ఇప్పటికీ మరచిపోలేదు.

ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాసుకోవడం నాకు ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఉన్న అలవాటు. ఆ శుక్రవారం రాత్రి మాత్రం కలం పట్టుకుని కూర్చుంటే వాక్యం కుదరలేదు, మరునాడు రాసుకోవలసి వచ్చింది. మన వయసువాళ్ళు అర్థం చేసుకుంటారని ఇప్పుడు కాస్త వివరంగా చెబుతున్నాను.

మా బావ, అంటే మా అక్క భర్త, ముక్కున్న మనిషి. మా పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు ఆయనను చూస్తే కొంచెం జంకేవారు. కొత్తల్లుడిగా కెంచార్లహళ్ళిలో మా ఇంటికి వచ్చిన రోజున, ఇంకా కాళ్ళు కడుక్కోకముందే, చారులో ఇంగువ తక్కువైందని వసారాలోంచే చెప్పాడు. మా అమ్మ తరువాత చాలాకాలం ఆ మాట మనసులో పెట్టుకుంది గానీ, ఇంగువ తక్కువైన మాట నిజమేనని మాతో ఒప్పుకుంది కూడా. మా అక్కది ఇంకొక తీరు. వెన్న కాచిన ప్రతిసారీ నెయ్యి చుక్క అరచేతిలో వేసుకుని, రెండో చేతితో రుద్ది, కళ్ళు మూసుకుని వాసన చూసేది. బాగుందనో బాగాలేదనో చెప్పేది కాదు. బాగాలేకపోతే ఆ పూట ఎవరి కంచంలోనూ నెయ్యి పడేది కాదు, అంతే.

బావది ద్రాక్షతోట. ఒక ఏడు కోత వేళకు వానలు పడి కాయలన్నీ పగిలి, కొనేవాడు లేక గుత్తులు పందిరికే కుళ్ళుతుంటే, చదువుకుని ఊళ్ళోనే ఉన్న మా మేనల్లుడు ఈ ఆలోచన తెచ్చాడు. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి కొండవాలున చిన్న బట్టీ పెట్టాడు. పులిసిన ద్రాక్షరసాన్ని రాగి పాత్రలో కాస్తే, ఆవిరి గొట్టంలోంచి చల్లనీళ్ళ తొట్టిగుండా వచ్చి ధారగా కారుతుంది. మొదట కారేది చెడ్డది, తాగకూడదు. నడిమి ధార ఒక్కటే బ్రాందీ. చివరిది మళ్ళీ పనికిరాదు. మొదటి ధార ఎక్కడ ఆగింది, నడిమి ధార ఎక్కడ మొదలైంది అనేది వాసన పట్టి చెప్పాలి. కొలిచే సాధనాలు ఉన్నా ఆఖరి మాట మా బావ ముక్కుదే. మా మేనల్లుడు ఆ మాటే అందరికీ గర్వంగా చెప్పుకునేవాడు.

అలాంటి మనిషికి, లోకమంతా తలుపులేసుకుని కూర్చున్న ఆ జబ్బు కాలంలో, జ్వరం వచ్చి తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. నాలుగు నెలల్లో వస్తుందన్నారు, రాలేదు. ఈ సంగతి అక్కకు తప్ప కొడుక్కి కూడా చెప్పలేదు. కొడుకు ఊరంతా చాటిన ముక్కు అది, ఎట్లా చెబుతాడు? అప్పటినుంచి ధార మారే వేళకు అక్క ఏదో పని ఉన్నట్టు బట్టీలోకి వచ్చి, పక్కన నిలబడి, చుక్క అరచేతిలో వేసుకుని రుద్ది చూసి, కొంగు సర్దుకునేది. అది చూసి బావ "పట్టండి" అనేవాడు. సారా అంగడి ముందు నడవాల్సి వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే మనిషి మా అక్క. తాను బ్రాందీ వాసన చూస్తున్నానని కెంచార్లహళ్ళిలో మా వాళ్ళకు తెలిస్తే తల ఎత్తుకోలేనని ఆమె భయం. తెలియకుండా తప్పు ధార సీసాలోకి పోతే తాగినవాళ్ళకు ఏమవుతుందోనన్నది ఇంకా పెద్ద భయం.

ఈ రెండు భయాలూ ఆమె నాకు ఆ శుక్రవారం ఉదయమే, నేను బస్సు దిగి తోటలోకి అడుగుపెట్టగానే, పెరట్లోకి పిలిచి చెప్పింది. ఆ రోజు బెంగళూరు నుంచి పెద్ద హోటలు తరఫున ఒకామె, ఆమెతో మరో ఇద్దరు వస్తున్నారు. తోట చూసి, కాచేది చూసి, రుచి చూసి, నచ్చితే ఆ హోటలుకు తీసుకుంటారు. నచ్చకపోతే ఇక ఈ కష్టం చాలు, తోట కొట్టేసి ఇళ్ళ సైట్లు వేస్తానని మేనల్లుడు అప్పటికే అనేశాడట. "నువ్వు మీ బావకూ ఆయమ్మకూ నడుమ నిలబడప్పా, నా చెయ్యి ఆమెకు కనపడకూడదు" అంది అక్క. జీవితమంతా పిల్లలు పరీక్షల్లో కాపీ కొట్టకుండా కాపలా కాసిన వాడిని, ఆ వయసులో కాపీకి అడ్డంగా నిలబడమంటే, సరేనని తల ఊపాను.

వచ్చినామె మర్యాదస్తురాలు. కన్నడం కలిసిన తెలుగులో అందరినీ పలకరించింది. తోటలో బావ కూడా హుషారుగానే ఉన్నాడు. ఆకు తిప్పి చూపించాడు, కాయ నలిపి చూపించాడు, "తినమ్మా, కడిగే పనిలేదు" అన్నాడు. నేను మాత్రం ఆమె ఎప్పుడెప్పుడు ఏదైనా ముక్కు దగ్గర పెట్టుకుంటుందా, బావను ఏమి అడుగుతుందా అని చూస్తూ, ఒక్క మాటా సరిగ్గా వినలేదు.

ఆ ఉదయం ఇంకొక పని జరిగిపోయిందని మాకెవరికీ తెలియదు. శుక్రవారం, పైగా ఇంటికి పెద్ద అతిథులు. అక్క కోడలు తలంటుకుని, రాగి పాత్రకు పసుపు కుంకుమ పెట్టి, బట్టీ అంటించకముందే గదంతా సాంబ్రాణి ధూపం పట్టింది. ఆవిరి దగ్గర నిప్పు ఉండకూడదని తెలిసిన పిల్ల కాబట్టి నిప్పులు బయటికి తీసేసి, దుమ్ము పడకుండా కిటికీలు మూసి, తరువాత తానే బట్టీ అంటించి వచ్చింది. మనవాళ్ళలో ఎవరైనా చేసే పనే. పొగ కనిపించకుండా పోయింది. వాసన మాత్రం గోడలకు పట్టుకుని ఉండిపోయింది. అక్క వంటింట్లో ఉంది, మేము తోటలో ఉన్నాం.

తలుపు తీసేసరికి గుడి గర్భగృహంలోకి వెళ్ళినట్టయింది. నాకు దగ్గు వచ్చింది. మా వెనకే పళ్ళెంలో గ్లాసులు పట్టుకుని వచ్చిన అక్క గడపలోనే ఆగిపోయింది. ఆమె ముఖం చూసి నాకు అర్థమైంది. ఈ వాసనలో ఆమె అరచెయ్యి కూడా ఏమీ చెప్పలేదు. బావ ఒక్కడే ఏమీ ఎరగనట్టు, సంతోషంగా నేరుగా పాత్ర దగ్గరికి పోయి, సన్నగా కారుతున్న ధార కింద గ్లాసు పెట్టాడు. ముక్కు ఉన్నప్పటి బావ అయితే గడపలోనే గట్టిగా అరిచి ఉండేవాడు.

బెంగళూరు ఆమె నెమ్మదిగా అడిగింది. "సార్, ఇంత సాంబ్రాణిలో వాసన పట్టేది మీకు కష్టం అవ్వలేదా?"

"యా సాంబ్రాణి తల్లీ?" అన్నాడు బావ.

మేనల్లుడు తండ్రి ముఖంలోకి చూశాడు. ఎట్లాగైనా కాపాడాలని నేను, మా ఇంట్లో రోజూ వేస్తారమ్మా, ఆయనకు అలవాటైపోయింది అని గబగబా చెప్పాను. "రోజూనా? బట్టీలోనా?" అని ఆమె ఇంకా ఆశ్చర్యపోయింది. నేను గోడవైపు చూశాను.

అప్పుడు బావ గ్లాసు కింద పెట్టేశాడు. అందరూ వింటుండగా, "నాకు వాసన తెలీదమ్మా. జరమొచ్చి పోయినప్పటి నుంచీ ఇంతే. నాకు నీళ్ళూ బ్రాందీ రెండూ ఒకటే, ఒకటి మండుతాది అంతే. ఈ బట్టీలో ఆనాటి నుంచీ పట్టిందంతా మా యింటామె చూసి పట్టిందే" అన్నాడు. కొడుకు తల్లివైపు తిరిగాడు.

అక్క ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె పళ్ళెం నా చేతుల్లో పెట్టి, "ఏం చూస్తా నిలబడినారు? కిటికీలు తియ్యండి, ధార పోతాండాది!" అని కసిరింది. గ్లాసులో కొంచెం పట్టుకుని పెరట్లోకి, కొండగాలి తగిలే చోటికి పోయింది. మేమంతా ఆమె వెనకే. చుక్క అరచేతిలో వేసుకుని రుద్ది, కళ్ళు మూసుకుంది. "ఇంకా గోళ్ళ రంగు వాసన వస్తాండాది, పోనీ" అంది. మేనల్లుడు మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ పోనీ అంది. అతిథులు, మేము, తలుపు వెనక ఏడుస్తున్న కోడలు, అందరం ఆ చెయ్యినే చూస్తూ నిలబడ్డాం. పొద్దున్నుంచీ సాంబ్రాణి పీల్చని ముక్కే అయినా, ఆ గడపలో పట్టిన వాసన పూర్తిగా పోయిందో లేదో, భయంలో తప్పు చెబుతుందేమో అని నాకు దిగులు. చివరికి, "ఇప్పుడు పట్టండి" అంది.

బెంగళూరు ఆమె తన అరచెయ్యి చాపి తనకూ ఒక చుక్క వేయమంది. చాలాసేపు వాసన చూసింది. తరువాత నోట్లో పోసుకుని రుచి చూసి, "మీరు తాగుతారా అమ్మా?" అని అడిగింది.

"ఛీ, నేనేంటికి తాగుతానమ్మా!" అని అక్క అదిరిపడితే, అంతసేపటికి అందరం నవ్వాం.

ఆ రోజు బెంగళూరు ఆమె కొంటామో లేదో తేల్చకుండానే సీసాలు తీసుకుని వెళ్ళింది. తరువాతి వారమంతా మా ఇళ్ళలో ఎవరికీ అన్నం సహించలేదు. ఆ తరువాత కబురు వచ్చింది. తీసుకుంటారు, కానీ ఒకే ముక్కు మీద బట్టీ నడపకూడదు, ఇంకొకరికి నేర్పాలి అని. అక్క ఆ పని కోడలికి నేర్పింది. కెంచార్లహళ్ళిలో మా వాళ్ళు కొన్నాళ్ళు ఎగతాళి చేశారు. తరువాత వాళ్ళ పిల్లలే తోటకు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. అక్క అంతగా భయపడిన మాట ఇప్పుడు ఫోన్లలో ఆడుతోంది.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. బట్టీ దగ్గర కోడలు, చూడవచ్చినవాళ్ళ అరచేతుల్లో చుక్కలు వేస్తూ నవ్విస్తోంది. అక్కాబావలు పెరట్లో నీడన కూర్చున్నారు. ఇప్పుడు బావకు వాసనలన్నీ అక్కే చెబుతుంది. వాన వచ్చే వాసన, పక్క పొలంలో ఎరువు వాసన, ఇంట్లో పోపు వాసన. ఆయన చిన్నపిల్లవాడిలా వింటాడు. నేను చింతామణి సంతలో కొని తీసుకెళ్ళిన కొత్తిమీర కట్టను అక్క ముఖానికి దగ్గరగా పెట్టుకుని, తిప్పి మళ్ళీ పెట్టుకుని, "ఈ కాలపు కొత్తిమీరకు వాసనే లేదప్పా" అంది.

మన తరం వాళ్ళందరం రోజూ అనుకునే మాటే. పూలకు వాసన లేదు, బియ్యానికి వాసన లేదు, మన కాలంలో ఇట్లా ఉండేదా అని. ఎన్నిసార్లు అన్నానో నేనూ. కానీ బస్సులో దారి పొడుగునా నా సంచీలోంచి ఆ కొత్తిమీర గుప్పుమంటూనే వచ్చింది, పక్క సీటాయన కూడా ఎక్కడ కొన్నారని అడిగాడు. నేను బావవైపు చూశాను. ఆయన అప్పటికే నావైపు చూస్తున్నాడు.

"అంతా మందుల సాగు, వాసన యాడ నుంచి వస్తాది?" అన్నాడు బావ, అక్క చేతిలోంచి కట్ట తీసుకుని పక్కన పెడుతూ. నేను అవునన్నాను.