గోడకు నీళ్ళు కొట్టిన కథ

ఐర్లండ్‌లో గాల్వే దగ్గర ఆపిల్ తోటల నడుమ ఒక పాత ఎస్టేట్ బంగళా ఉంది. మా ఇంటి ఓనరమ్మ ముత్తాత కట్టించింది. దాని వెనక చిన్న ఇంట్లో మేం అద్దెకుంటున్నాం. బంగళా గోడలకు ఎప్పుడో ఎవరో పుణ్యాత్ముడు సిమెంటు పూయించాడు. తేమ లోపలే నిలిచిపోయి ఓనరమ్మకు ఛాతీ జబ్బు పట్టుకుంది. ఆవిడ వృద్ధాశ్రమానికి మారాల్సి వచ్చింది. పడకగది గోడలు ఆరేదాకా ఇంటి ముఖం చూడొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. చలికాలంలోపు తన గదిలో తను పడుకోవాలి, ఆవిడకున్న కోరిక అదొక్కటే.

సున్నం పనిలో చేయి తిరిగిన ఐరిష్ మేస్త్రీ ఒకాయన వచ్చి, ఆ గదిలో సిమెంటంతా చెక్కేసి సున్నం పూశాడు. రోజూ కిటికీలు తెరిచే పని నాకు అప్పజెప్పి వెళ్ళాడు. నేను అంతటితో ఊరుకుంటానా? మా నాన్న తాపీ మేస్త్రీ. కొత్త పూతకు పూటపూటా నీళ్ళు కొట్టకపోతే గోడ బీటలు తీస్తుందని చిన్నప్పుడే నూరిపోశాడు. పొద్దున ఫ్యాక్టరీకి వెళ్ళేముందు రెండు బకెట్లు, సాయంత్రం వచ్చాక రెండు. ఈ దేశంలో ఒక్కడికీ పని మీద శ్రద్ధ లేదని సణుక్కుంటూ మరీ కొట్టాను.

మూడు వారాలకు మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. గోడ మీద వేలు పెడితే దిగబడింది. పైకప్పు ఎక్కి చూశాడు, గొట్టాలు వెతికాడు. ఎక్కడా నీరు కారడం లేదు.

"మొత్తం చెక్కేసి వచ్చే వేసవిలో మళ్ళీ పూయాలి," అన్నాడు నీరసంగా.

అంటే ఓనరమ్మ ఈ చలికాలం కూడా వృద్ధాశ్రమంలోనే. మా ఆవిడ నా వైపు తిరిగింది.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

చెప్పేశాను. గోడకు నీళ్ళు పోయొద్దని హెచ్చరించాలని పాపం ఆయనకెలా తోస్తుంది? అసలే ఏడాది పొడుగునా వాన పడే ఊరు. ఆయన నిచ్చెన మెట్టు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"నీళ్ళు కావాల్సింది సిమెంటుకి, సున్నం గాలి పీల్చి గట్టిపడుతుందయ్యా. ఆ బకెట్ దాచెయ్. ఆరితే చాలు, చెక్కక్కర్లేదు. ఇంక అంతా గ్రాండ్, ఏం ఫర్వాలేదు."

సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. "మీ అతి తెలివి కొంప ముంచేదే," అని మా ఆవిడ వారం రోజులు దెప్పింది. పడ్డాను.

ఆకులు రాలే రోజులకు గోడ ఆరింది, డాక్టరు సరేనన్నాడు. ఓనరమ్మ చేతికర్ర పట్టుకుని తన గదిలోకి నడిచి వచ్చింది. మేస్త్రీ అప్పటికే సంగతంతా ఊదేసినట్టున్నాడు.

"నువ్వు స్నానం చేయించిన గోడ ఏది?"

తల దించుకుని చూపించాను. ఆవిడ అరచేత్తో ఆ గోడను నిదానంగా తడిమింది. తర్వాత చెంప ఆనించి చూసింది.

"పొడిగా ఉంది," అంది. "నా మంచం దీని పక్కకే జరుపు."