సంగప్పకు నేను ఎంచి ఇచ్చిన గోల్ఫ్ కట్టె

పదమూడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. నా భార్యకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ముందే ఒక సంగతి. నేను సౌమ్యుడినని పేరు తెచ్చుకున్నవాడిని కాదు. జహీరాబాద్‌లో మా వీధిలో అడిగితే ‘ఆ అర్జీల సారేనా’ అంటారు. వీధి దీపం వెలగకపోతే అర్జీ, బస్సు ఆపకపోతే అర్జీ. నన్ను ఎవరైనా ఒక మాట అంటే అది ఎక్కడ అన్నారో, పక్కన ఎవరున్నారో, వాళ్ళలో ఎవరు నవ్వారో నాకు గుర్తుంటుంది. ఒక పెళ్ళిలో నా విస్తరి దాటి ముందుకు పోయి వడ్డించిన మనిషి ముఖం ఇరవై ఏళ్ళ తర్వాత కూడా గుర్తుపట్టాను. నాకు జరిగినవన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. నేను చేసినదాన్ని మాత్రం వాటి పక్కన ఎన్నడూ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? అన్యాయమన్నది ఎప్పుడూ అవతలి నుంచి నా మీదికి వచ్చేదే అనుకున్నానా?

ఊరి బయట యంత్రభాగాలు చేసే ఫ్యాక్టరీలో నేను తనిఖీ విభాగంలో పనిచేశాను. లేత్ యంత్రం మీద తిప్పి కోసిన ఇనుప ముక్క నా బల్ల మీదికి వచ్చేది. కొలిచేవాడిని. సరిగ్గా ఉంటే పచ్చ చీటీ కట్టాలి, లేకపోతే ఎర్ర చీటీ. యంత్రాలకు బిగించే పనిముట్లకూ అంతే. నేను పచ్చ చీటీ కట్టినదాన్ని మళ్ళీ ఎవరూ కొలిచేవారు కాదు. కార్మికుల్లో ఒక కట్టుబాటు ఉండేది. పనిముట్టుకు పచ్చ చీటీ ఉండి పని చెడిందంటే తప్పు పనిముట్టుది కాదు, చేతిది. దాని మీద వాదన ఉండేది కాదు.

సంగప్ప లేత్ ఆపరేటరు. ఝరాసంగం వైపు పల్లె నుంచి రోజూ ఆటోలో వచ్చేవాడు. నాకంటే అయిదేళ్ళు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. మంచి పనివాడు. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

ఒక ఏడాది మా విభాగానికి ఇన్‌చార్జిని వేశారు. సీనియారిటీ నాది. పేరు మాత్రం నా తర్వాత చేరినవాడిది వచ్చింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో సంగప్ప, నేను వినేటట్టే, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నాడు: “అన్నకు ముక్కనిస్తె మంచిగ కొలుస్తడు. మనిషినిస్తె ఎర్ర చీటి కడ్తడు. గందుకే ఇయ్యలేదు.” ఏడుగురు నవ్వారు. నేనూ నవ్వాను. అన్నం సగంలో వదిలేసి లేచాను. అతను సాయంత్రానికి ఆ మాట మరిచిపోయి ఉంటాడు. నేను ఆరేళ్ళు మోశాను.

ఫ్యాక్టరీ వెనక ఎర్రమట్టి నేలలో గోల్ఫ్ మైదానం ఉండేది. పచ్చికను పెంచే నీళ్ళు ఎక్కడివి? గుంతల చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచి చదును చేసేవారు. ఆదివారాలు ఆఫీసర్లూ, నాలాంటి స్టాఫూ ఆడుకునేవాళ్ళం. కార్మికులకు ప్రవేశం లేదు. గుంతల్లో దించిన ఇనుప గిన్నెలు సంగప్ప తన లేత్ మీద చేసినవే. వాటిలో బంతి వేసే హక్కు మాత్రం అతనికి లేదు. గిన్నెలు బిగించడానికి వచ్చినప్పుడల్లా కాసేపు నిలబడి చూసేవాడు. అలా చూసి చూసి ఆ ఆట మీద మనసు పడ్డాడు.

అప్పుడొక కొత్త మేనేజరు వచ్చాడు. కార్మికులు ఎందుకు ఆడకూడదు అన్నాడు. ఆఫీసర్లు గొణిగారు, బంతి కొట్టడం రానివాళ్ళతో ఆట ముందుకు సాగదన్నారు. చివరికి ఒక షరతు కుదిరింది. మొదటి దెబ్బ కొట్టే చోటుకు నూట యాభై గజాల దూరంలో ఒర్రె, అంటే చిన్న వాగు, అడ్డంగా పోతుంది. పది బంతుల్లో మూడు ఆ ఒర్రె దాటించినవాడు ఎవరైనా సరే ఆదివారం ఆడవచ్చు. సాయంత్రాలు అభ్యాసం చేసుకోవచ్చు. ముందుగా పేరు ఇచ్చింది సంగప్ప. అతని వెనక మరో ముగ్గురు, ఇతను దాటితే మేమూ ఇస్తామని ఎదురు చూస్తున్నారు.

గోల్ఫ్‌లో మొదటి దూరపు దెబ్బకు వాడే పొడవాటి కట్టెను డ్రైవర్ అంటారు. అది కొనాలి. సంగప్ప తన భార్యను ఒప్పించి కొంత డబ్బు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఎంచి పెట్టమన్నాడు. పాతదైనా సరే, తనలాంటి కొత్తవాడికి పనికొచ్చేది చాలు అన్నాడు.

నాకు తెలుసు. ఇది మీరు గమనించాలి. తెలియక చేశానని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. కొత్తగా ఆడేవాడి డ్రైవర్‌కు తల పెద్దదిగా ఉండాలి, బరువు వెనక్కీ అంచులకూ సర్ది ఉండాలి. అప్పుడు బంతి నడిమికి తగలకపోయినా తల మెలి తిరగదు, బంతి మరీ పక్కకు పోదు. బంతికి తగిలే ముఖం వాలు పదిన్నర డిగ్రీలకు తగ్గకూడదు, పన్నెండైతే ఇంకా మేలు, బంతి సులువుగా లేస్తుంది. కాడ కొంచెం వంగే రకం కావాలి. కొత్త మోడల్ అక్కర్లేదు. మూడు నాలుగేళ్ళ కిందటిది సగం ధరకే వస్తుంది, పని అంతే చేస్తుంది. ఆడేవాడి తప్పు కాసే కట్టె అన్నమాట. నేను వాడేది ఆ రకమే.

హైదరాబాద్‌లో వాడిన గోల్ఫ్ సామాను అమ్మే దుకాణంలో రెండు డ్రైవర్లు నా ముందు పెట్టారు. ఒకటి పన్నెండు డిగ్రీలది, గుమ్మడికాయంత తల, పైన గీతలు. రెండోది తొమ్మిది డిగ్రీలది, చిన్న తల, నల్లగా నిగనిగలాడుతోంది, కాడ ఇనుప చువ్వలా బిగుసుకుని ఉంది. రెండూ సంగప్ప ఇచ్చిన డబ్బులోనే వస్తాయి. దుకాణమతను నల్లదాన్ని చేతిలోకి తీసుకుని, ఎవరికోసమని అడిగాడు, నేర్చుకునేవాళ్ళకైతే ఇది ఇవ్వనన్నాడు. బాగా ఆడేవాడికే అన్నాను.

అంతే. ఆ రెండు మాటలు.

ఆ క్షణంలో నాకు క్యాంటీన్ గుర్తొచ్చిందా? వచ్చింది. ఏడుగురి నవ్వూ వినిపించింది. కానీ నిజం చెప్పాలంటే కోపమేమీ రాలేదు. చల్లగా ఉన్నాను. ఒక ముక్కను పక్కన పెట్టేటప్పుడు ఎంత చల్లగా ఉంటానో అంత. దారిలో బస్సులో కూర్చుని, కష్టమైనదానితో నేర్చుకుంటే చేయి బాగా తిరుగుతుంది, ఒకరకంగా అతనికి మేలే కదా అని కూడా అనుకున్నాను. ఇంకొకరు నాకు ఇలాంటి సాకు చూపి ఉంటే నేను ఊరుకునేవాడినా?

కట్టెను చూసి సంగప్ప ముఖం వెలిగింది. నల్లటి తలను అరచేత్తో తుడిచాడు. సరదాగా, దీనికీ ఒక పచ్చ చీటీ కట్టమన్నాడు. నా బల్ల సొరుగులోంచి చీటీ తీసి, తేదీ వేసి, సంతకం పెట్టి కట్టాను. తప్పని తెలిసి నేను చీటీ కట్టింది నా ఉద్యోగం మొత్తంలో అదొక్కసారే.

ఆ తర్వాత రెండు నెలలు అతను ప్రతి సాయంత్రం మైదానానికి పోయాడు. బంతి లేచేది కాదు. లేస్తే కుడికి వంగి పక్క కందిచేలో పడేది. వేరేవాడైతే కట్టెను అనుమానించేవాడు, ఇంకొకరి కట్టె అడిగి చూసేవాడు. సంగప్పకు ఆ ఆలోచనే రాలేదు. చీటీ ఉంది కదా. అందుకని తనను తాను దిద్దుకోవడం మొదలుపెట్టాడు. పట్టు మార్చాడు, కాళ్ళ ఎడం మార్చాడు. అరచేతులు బొబ్బలెక్కాయి, గుడ్డ చుట్టుకుని కొట్టాడు. నేను ఎన్నో సాయంత్రాలు అక్కడే నిలబడి చూశాను. సలహాలు కూడా ఇచ్చాను. భుజం దించు అన్నాను. తల ఎత్తకు అన్నాను.

పరీక్ష ఆదివారం ఉదయం. మేనేజరు, నలుగురు ఆఫీసర్లు, వెనక వరుసలో కార్మికులు పాతికమంది. సంగప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నా సంచి నా భుజాన ఉంది. అందులో నా డ్రైవర్ ఉంది. ఎవరి కట్టెతోనైనా కొట్టవచ్చు, షరతులో అడ్డేమీ లేదు. ‘ఇదిగో, దీంతో కొట్టు’ అంటే చాలు. నా చేయి సంచి జిప్పు దాకా పోయింది. అక్కడే ఆగింది. ఇప్పుడు ఇస్తే, ముందు ఇచ్చినది తప్పని అందరికీ తెలిసిపోతుంది. ఆరేళ్ళ కిందటి కోపం అప్పటికి తీరిపోయింది, మీరు నమ్మినా నమ్మకపోయినా. మిగిలింది నా పేరు మీద భయం. దుకాణంలో చేసిన తప్పు కన్నా ఇది పెద్దదని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండు బంతులు దాటాయి. ఆ కట్టెతో రెండు దాటించడమే గొప్ప. ఏడో బంతి కట్టె అంచుకు తగిలి వెళ్ళి ఒర్రె అవతలి గట్టుకు కొట్టుకుని నీళ్ళలోకి జారింది. మూరెడు దూరంలో తప్పింది. నా కట్టెతో అయితే అది దాటేది. ఎన్నో ముక్కలు కొలిచిన కళ్ళు ఇవి, నాకు తెలుసు. పదో బంతి కందిచేలో పడ్డాక మేనేజరు చప్పట్లు కొట్టి, వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నించమన్నాడు. వెనక వరుసలో ఆ ముగ్గురూ పేర్లు ఇవ్వకుండానే వెళ్ళిపోయారు. వచ్చే ఏడాదికి ఆ మేనేజరు బదిలీ అయ్యాడు. షరతును ఎవరూ గుర్తు చేయలేదు. అర్జీలు రాసే నేను కూడా.

మర్నాడు సంగప్ప కట్టెను పాత తువ్వాలలో చుట్టుకుని నా గదికి వచ్చాడు.

“అన్నా, గిది నీ దగ్గర్నే పెట్టు. మంచి చేతులున్నోడు ఎవడన్న దొరికితె ఇయ్యి.”

“ఇంకోసారి జూడరాదు సంగప్పా” అన్నాను.

“ఏం జూస్త అన్నా. నువ్వు పాస్ జేసినంక కట్టెల తప్పేముంటది? చెయ్యే వంకర నాది. లేత్ మీద నడుస్తది గని గాడ నడుస్తలేదు.” నవ్వాడు. “మా ఇంటామె అయితె ఖుష్. ఐతారం నాడన్న ఇంట్ల ఉంటవు అంటున్నది.”

నేను ఏదో కాగితం సర్దుతున్నాను.

తలుపు దాకా పోయి ఆగాడు. “అందరి ముంగట నీ చీటికి చెడ్డపేరు తెచ్చిన. జర మనసుల పెట్టుకోకన్నా.”

“గట్లేం లేదు, పో” అన్నాను.

నేను అన్నది అదే. మాట మారుస్తున్నానేమో అని చాలాసార్లు తరచి చూసుకున్నాను. లేదు, అవే మాటలు. మనసులో పెట్టుకోవద్దని అతను నన్ను అడిగాడు. నన్ను.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, పోయిన నెల కాలనీలో కొందరు కుర్ర ఇంజినీర్లు గోల్ఫ్ మొదలుపెట్టి, కొత్తగా ఆడేవాళ్ళు ఎలాంటి డ్రైవర్ కొనాలో ఒక పేజీ రాసిమ్మన్నారు. రాశాను. పైన మీకు చెప్పినవే. పావుగంట కూడా పట్టలేదు. చాలా బాగుంది సార్, ఇంత తేలికగా ఎవరూ చెప్పలేదు అన్నారు. ఆ పొగడ్త నేను నిలబడి వినలేకపోయాను. పావుగంటలో రాయగలిగినదాన్ని ఒక మనిషికి రెండు నెలలు దాచాను.

తర్వాత పది రోజులకు ఝరాసంగం పోయే ఆటోలో సంగప్ప ఎదురు సీటులో కూర్చున్నాడు. ఇప్పుడు అల్లం పండిస్తున్నాడు. మోకాళ్ళు తగులుతుండగా, ఇంకా ఆడుతున్నావా అన్నా అని అడిగాడు. అప్పుడప్పుడూ అన్నాను. తన అరచేతులు తిప్పి చూసుకుని, వీటికి ఆ రాత లేకపాయె అన్నాడు, ఏ బాధా లేకుండా, వాన పడలేదన్నట్టు. మాట నా నాలుక మీదికి వచ్చింది. ఆటోలో ఇంకో ఎనిమిది మంది ఉన్నారని సాకు చెప్పుకున్నాను. అతను దిగి, నా చార్జీ కూడా తనే ఇచ్చేసి పోయాడు.

అతనికి చెబుతానా? తెలియదు. చెబితే ‘పోనీ అన్నా’ అంటాడు, నాకు తెలుసు. అంత సులువుగా అనిపించుకోవడం న్యాయమేనా? చెప్పకపోతే తన చేతులు వంకరనే నమ్ముతూ పోతాడు. అది న్యాయమా? ఇంకొకటి కూడా దాచను. క్యాంటీన్‌లో అతను అన్న మాటను నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అది ఇప్పుడూ గుచ్చుతుంది. బహుశా నిజం కాబట్టి.

అందుకని ముందు ఇక్కడ, ఏ సాకూ లేకుండా రాస్తున్నాను. సంగప్ప చేతుల్లో ఏ లోపమూ లేదు. అతనికి పనికిరాదని తెలిసే ఆ కట్టె ఎంచి తెచ్చింది నేను.

ఈ రెండు వాక్యాలూ రాసి, గట్టిగా ఒకసారి చదువుకున్నాను. పదమూడేళ్ళ తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందులో ఎవరి మీదా ఫిర్యాదు లేదు.