పోయిండన్న మాట

శుక్రవారం వచ్చిందంటే స్నేహలతకు కాలు ఇంట్లో నిలవదు. పొద్దున్నే తల దువ్వుకుని, కూతురు పల్లవిని పక్కింట్లో కూర్చోబెట్టి, "బల్లార్షా పోయొస్త అత్తమ్మా" అని ఆటో ఎక్కేస్తుంది. ఎందుకంటే పిల్లకు మందులంటుంది. మందు సీసా ఒక్కటీ ఇంటికి వచ్చిన పాపాన పోలేదు. అత్త నర్సక్క అన్నీ లోపల మూట కట్టుకుంటూనే ఉంది.

బల్లార్షా పక్కనున్న విసాపూర్‌లో వాళ్ల సందునిండా కోడళ్లే. యుద్ధంలోంచి నడిచొచ్చిన కోడలు మాత్రం స్నేహలత ఒక్కతే.

నర్సక్క కొడుకు నాగేష్ వెల్డింగ్ పనికి సూడాన్ దేశం పోయాడు. కొన్నాళ్లకు పెళ్లాన్నీ బిడ్డనూ పిలిపించుకున్నాడు. అంతలో అక్కడి సిపాయిలే రెండు జట్లయి కొట్టుకోవడం మొదలైంది. కరెంటు లేదు, నీళ్లు లేవు, కిటికీ తీస్తే తూటా. ఒకనాడు నర్సక్క ఫోను మోగింది. గరగరల మధ్య కోడలి గొంతు: "అత్తమ్మా, ఆయన పోయిండు..." అంతే, లైను తెగింది. మళ్లీ ఎంత చేసినా కలవలేదు.

పోయిండంటే మన ఇళ్లలో ఇంకేమనుకుంటారు? ఏడుపులు లేచాయి. నర్సక్క బావ ఈశ్వరయ్య ఇంటికి పెద్ద. శవం లేదు గనుక దర్భలతో బొమ్మ చేయించి వర్ధా నది ఒడ్డున కాల్పించాడు. పదోరోజు పిండం పెట్టించాడు.

అది జరిగి వారం తిరక్కముందే స్నేహలత రైలు దిగింది. మెడలో పుస్తె, కాళ్లకు మెట్టెలు, నుదుట బొట్టు. ఏడుస్తున్న ఆడవాళ్లంతా ఏడుపు ఆపి కాళ్లకేసి చూశారు. ఆమె గడపలోనే నిలబడి, "రొట్టెలు తెస్తనని బయటికి పోయిండు అత్తమ్మా. గా లోపట్నే మనోళ్లను తీస్కపోయె బస్సొచ్చింది. ఆగమంటె ఆగలే" అంది.

నర్సక్క కడుపులో అప్పుడు పడ్డది ముల్లు. కోడలు చెప్పింది నిజమైతే, బతికున్న కొడుకుకు తాను పిండం పెట్టింది. అబద్ధమైతే కొడుకే లేడు. రెండింట్లో ఏది మింగాలన్నా గొంతు దిగదు. అందుకని రెండూ పక్కన పెట్టి కోడల్ని అనుమానించడం పట్టుకుంది. మొగుణ్ని వదిలేసి పారిపోయి వచ్చిందా? వాడే దీన్ని వదిలించుకున్నాడా? దీనికి తెలిసింది ఏదో ఉంది, చెప్పడం లేదు.

ఏడాది దాటింది. వచ్చే అమావాస్యకు కోడలి పుస్తె, మెట్టెలు తీయించి మిగిలిన తంతు ముగించేయాలని ఈశ్వరయ్య పట్టుబట్టాడు. ఆ మాట ఎత్తితే స్నేహలత మొహం మాడ్చుకునేది.

ఆ వారమే కిరాణా దుకాణం కమలాక్షి వచ్చి గోడకు ఆనుకుంది.

"అక్కా, నీ కోడలు మందులకు పోతున్నదా, మసీదెనుక గల్లీలకు పోతున్నదా?"

"నీకెవలు చెప్పిండ్రే?"

"సామాన్లకు పోయిన. కండ్లు ఇంట్ల పెట్టి పోతనా? ఆకుపచ్చ తలుపు. గడ్డం సాబు తీసిండు, ఈమె లోపటికి పోయింది."

"ముసలోడా, పడుసోడా?"

"తలుపు ఎనుక ఉన్నోని వయసు నాకెట్ల కనవడ్తది? మెట్టెలు తీసుడంటె మొకం ఎందుకు మాడ్చుకుంటున్నదో ఇంక నన్ను అడుగకు."

తర్వాతి శుక్రవారం నర్సక్క కూడా ఆటో ఎక్కింది. కాలేజీ పిల్లల్లాగా మొహానికి చున్నీ చుట్టుకుంది. ఆటోవాడు అద్దంలో చూసి, "ఎటు పోవాలె నర్సవ్వా?" అన్నాడు. గొంతు విప్పకముందే గుర్తుపట్టేశాడు వాడు.

ఆకుపచ్చ తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల ముసలి మౌల్వీ, పక్కన పీట మీద రొట్టెలు ఒత్తుతున్న ఆయన భార్య, ఎదురుగా చాప మీద స్నేహలత. మధ్యలో ఫోను. ఆ ఫోనులోంచి ఎవరో ఆడమనిషి గబగబా, తెలియని భాషలో మాట్లాడుతోంది.

"ఇదేనా పిల్లకు మందు?" అంది నర్సక్క.

స్నేహలత ఉలిక్కిపడలేదు. కాస్త జరిగి చాప మీద చోటిచ్చింది. మౌల్వీ భార్య నీళ్లిచ్చింది. నర్సక్క గ్లాసు పట్టుకుందే గాని తాగలేదు.

మౌల్వీ హిందీలో చెప్పుకొచ్చాడు. ఆ గొంతు సూడాన్ దేశంలో వీళ్ల పొరుగింటామెది, రికార్డు చేసి ఫోనుకు పంపింది. తాను మదర్సాలో చదివిన అరబ్బీ వేరు, ఆమె మాట్లాడేది వేరు, సగమే అర్థమవుతుంది. బస్సు వెళ్లాక నాగేష్ తిరిగొచ్చాడట. భార్యా బిడ్డా ఏరని అడిగాడట. సముద్రం వైపు తీసుకుపోయారని ఈమె చెప్పిందట. ఆ తర్వాత 'రాహ్' అంటోంది.

"రాహ్ అంటె?"

"గయా." అంటే పోయాడని.

"గయా అంటె, ఇంట్లకెళ్లి గయానా, దునియలకెళ్లి గయానా?"

మౌల్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ మాటలో అంతే ఉందమ్మా. మీ కోడలు ప్రతి వారం ఇదే అడుగుతుంది. ఇంకో మాట నేను కల్పించలేను."

"మల్ల ఆమెనే అడుగరాదు?"

"ఆ తర్వాత ఆమె ఫోను కలవడం లేదు."

"ఇంకోసారి పెట్టు" అంది నర్సక్క. ఈసారి చెవి ఫోనుకు ఆనించింది. ఆ గడగడల నడుమ ఒక్కచోట 'నాగీస్' అని వినిపించింది. మళ్లీ పెట్టమంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తాకోడళ్లిద్దరే.

"నాకెందుకు చెప్పలే?"

"రాహ్ అంటె సచ్చిండనే అనుకుందువు. ఒకసారి అనుకున్నవు గదా అత్తమ్మా."

నర్సక్కకు ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. అయినా అడగకుండా ఉండలేకపోయింది. "రొట్టెలకు పొమ్మన్నది నువ్వా? వాడే పోయిండా?"

"పిల్ల ఆకలికి ఏడ్వవట్టింది" అంది స్నేహలత, బయటికి చూస్తూ.

అడిగినదానికి అది జవాబు కాదు. ఆ సంగతి నర్సక్కకు తెలుసు. తెలిసీ రెండోసారి అడగలేదు.

ఇంటికొచ్చేసరికి ఈశ్వరయ్య అరుగు మీద కూర్చున్నాడు. "అమాసకు ఎవలెవల్ని పిలుద్దాం మరదలా?"

నర్సక్క కొంగు తలమీదికి లాక్కుంది. "ఎవల్ని పిలువద్దు బావా. నా కొడుకు పోయిండు. ఎటు పోయిండో తెల్వది. తెలిసెదాంక ఈ పిల్ల మెట్టెలు ఎవలు ముట్టద్దు."

"పదోనాడు పిట్ట పిండం ముట్టింది గదా."

"పిట్టకేం తెలుసు బావా. ఆకలైతె ముడ్తది."

ఆయన కండువా దులుపుకుని, "అత్తాకోడళ్లు ఒక్కటైనంక మొగోనికేం పని" అని లేచి వెళ్లిపోయాడు. ఆయన సందు మలుపు తిరిగేదాకా నర్సక్క చూసింది. వెనక్కి తిరిగి గొంతు తగ్గించింది.

"గా మాట నా ఫోన్లకు గూడ పంపు. చాందా పట్నంల అరబ్బీ వచ్చినోళ్లు ఇంకెవలన్న ఉండరా? సగమే తెలుసన్నడు గదా మీ మౌల్వీసాబు. గట్ల ఒక్కని మాట ఎట్ల నమ్ముతమే?"