ఆవగింజంత పన్ను

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైనోసార్ల కాలంలో బతికిన ఒక చిన్న జంతువుకు నేను ముద్దుపేరు పెట్టుకున్నాను. డైరీలో కూడా రాసుకోలేదు. ఇక్కడా రాయను.

హైటెక్ సిటీ కడుతున్న రోజులు. మాదాపూర్‌లో మా ఇంటి మేడమీది గదిలో ఒక పరిశోధక విద్యార్థిని కిరాయికి ఉండేది. అక్కా అని పిలిచేదాన్ని. వికారాబాద్ వైపు నుంచి సంచుల్లో మట్టి తెచ్చి, ఎండబెట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, మా పెరట్లో సన్న జల్లెడలో కడిగేది.

“పొయ్యికే లేని గ్యాస్‌నూనె మట్టికి తాపుతున్నవా బిడ్డా?” అనేది అమ్మ.

“అది తాగితేనే మట్టి విచ్చుకుంటది అమ్మా. డైనోసార్లు తిరిగినప్పటి మట్టి ఇది.”

“ఎవరు తిరిగితే నాకేంది? బోరునీళ్లన్నీ నువ్వే ఒడగొట్టవడితివి!”

జల్లెడలో మిగిలిన రవ్వను ఆరబెట్టి, పళ్లెంలో పోసి, భూతద్దం కింద కుంచె కొనతో ఏరాలి. మాట్లాడనక్కర్లేని పని కాబట్టి కంప్యూటర్ క్లాసు నుంచి రాగానే నేనూ కూర్చునేదాన్ని. ఎక్కువగా చేప పళ్లు వచ్చేవి. అక్కకు కావలసింది పాలిచ్చే జంతువు పన్ను. అప్పటిదాకా దొరికినవన్నీ విరిగినవే. ఒక్కటైనా పూర్తి పన్ను ఉంటేనే అది ఏ రకం జంతువో గట్టిగా చెప్పగలదు.

ఒక మధ్యాహ్నం అది నా కుంచెకే తగిలింది. ఆవగింజంత ఉంది. నల్లగా మెరుస్తూ, పైన మూడు మొనలు. ఎక్కడా విరగలేదు.

అక్క చాలాసేపు చూసింది. “ఈ జంతువు చుంచెలుక అంత ఉండొచ్చు చెల్లే. పురుగులు తినుకుంట డైనోసార్ల కాళ్ల సందుల నుంచి ఉరుకుతుండె.”

అప్పుడే పేరు పెట్టుకున్నాను.

అక్క డబ్బీ తీసేలోపు బయట విజిల్ వినిపించింది. పక్క గుట్టను పేల్చే ముందు రోజూ ఊదేదే. అలవాటైపోయి ఇద్దరం పట్టించుకోలేదు. కిటికీలు గడగడలాడాయి, బల్ల అదిరింది. పళ్లెంలో పన్ను లేదు.

“ఎవ్వరూ కదలొద్దు!” అని అరిచాను. ఆ ఇంట్లో నా గొంతు అంత పెద్దగా ఎవరూ విని ఉండరు. పైకి వస్తున్న అమ్మ మెట్ల మీదే ఆగిపోయింది. నేలంతా షాబాద్ బండలు, వాటి మధ్య సందులు. టార్చి నేలకు ఆనించి వెతికాం. దుమ్మంతా ఎత్తి జల్లెడలో కడిగాం. దొరకలేదు.

ఆ రోజు నుంచి అమ్మ ఆ గది ఊడ్చిన దుమ్ము పారేయలేదు. డబ్బాలో పోసి తెచ్చేది. “కడుగు బిడ్డా, బోరు మోటరు ఏసొస్త,” అనేది.

ఇప్పుడా ఇల్లు లేదు, గుట్టా లేదు. కిరోసిన్ వాసన ఎక్కడ తగిలినా ఆ సాయంత్రాలు గుర్తొస్తాయి.

అక్క విరిగిన పళ్లతోనే థీసిస్ ముగించింది. ఆ జంతువు ఏ రకమో చెప్పేచోట ‘బహుశా’ అని రాయాల్సి వచ్చిందట. గది ఖాళీ చేసిన రోజు, ఆటోలో జల్లెడలు పెట్టుకుని కూర్చుంది. బండి కదులుతుంటే తల బయటపెట్టి అంది:

“దొరికితే కార్డు రాయి చెల్లే. దొరకకున్నా రాయి.”